బండి ఎక్కడ నిద్ర చేయాలి? నెల్లూరు, ప్రకాశం దారుల్లో ఖర్చు లేని రాత్రులు

వ్యాన్‌లో ఒక మంచం, చిన్న స్టవ్వు, నీళ్ల ట్యాంకు బిగించుకుని ఊళ్లు తిరగడం మన దగ్గర కూడా మొదలైంది. ఫోర్స్ ట్రావెలర్‌నో వింగర్‌నో మార్పించుకున్నవాళ్లు కొందరైతే, ఈకోలో వెనక సీట్లు తీసేసి పరుపు వేసుకునేవాళ్లు ఇంకొందరు. బండి మీద లక్షలు పెట్టినా వేలు పెట్టినా, చెన్నై నుంచి పైకి వస్తూ నాయుడుపేట దగ్గర చీకటి పడితే మాత్రం అందరికీ ఒకటే టెన్షన్. ఈ రాత్రికి బండి ఎక్కడ పెట్టాలి? పైసా ఖర్చు లేకుండా, పోనీ రెండు మూడు వందలతో, అర్ధరాత్రి ఎవరూ వచ్చి అద్దం కొట్టి లేపకుండా పడుకునే చోటు ఏది?

ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే సలహాల్లో ఎక్కువ భాగం అమెరికావే. అక్కడ పడమటి రాష్ట్రాల్లో బీఎల్ఎం అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ చేతిలో సుమారు 24.5 కోట్ల ఎకరాల నేల ఉంది, అందులో చాలాచోట్ల 28 రోజుల్లో 14 రోజుల వరకు డబ్బు కట్టకుండా ఆర్వీ, అంటే లోపల కాపురం ఉండేలా అమర్చుకున్న బండి, పెట్టుకుని ఉండొచ్చు. వాల్‌మార్ట్ పార్కింగ్‌లో కూడా ఆ స్టోర్ మేనేజర్ సరేనంటే ఒక రాత్రి పడుకోనిస్తారు. ఈ పద్ధతిని పట్టుకొచ్చి మన పోరంబోకుకి అంటించాలని చూస్తేనే చిక్కు. మన దగ్గర ఖాళీగా కనిపించే నేల ఏదీ నిజంగా ఖాళీ కాదు. అది పశువుల బీడై ఉంటుంది, లేదా దేవుడి మాన్యం, అటవీ శాఖ నేల, చెరువు లోతట్టు, ఎవరో వలలు ఆరేసుకునే చోటు. పట్టా లేకపోయినా దానికి మనుషులున్నారు, రాత్రి పది దాటాక అక్కడ తెలియని బండి లైటు వెలిగితే ఊళ్లోంచి పదిమంది వచ్చి అడుగుతారు. అడగడం వాళ్ల తప్పు కూడా కాదు. కేరళ 2021లో ఇలాంటి బండ్ల కోసం కారవాన్ టూరిజం విధానం తెచ్చి, మరుసటి ఏడాది వాగమన్‌లో దీనికోసమే ఒక పార్కు తెరిచింది. మన చెన్నై-నెల్లూరు-ఒంగోలు హైవే ఎన్‌హెచ్ 16 మీద రాత్రి తొమ్మిదింటికి అలాంటిది కనిపిస్తుందని ఎదురుచూస్తే తెల్లారిపోతుంది.

అయితే ఈ రెండు జిల్లాల్లో దీనికి పాత జవాబు ఒకటి ఉంది. ఇక్కడ "నిద్ర చేయడం" అనే మాటకి వేరే బరువుంది. జొన్నవాడ కామాక్షమ్మ గుళ్లో నిద్ర చేశామంటారు, గొలగమూడిలో శనివారం నిద్ర చేసి వచ్చామంటారు, ఏఎస్ పేట దర్గాలో ఇన్ని రాత్రులు నిద్ర చేస్తామని మొక్కుకుంటారు. కొత్తవాళ్లు వచ్చి రాత్రంతా పడుకోవడం ఈ ఊళ్లలో తరతరాలుగా మామూలు విషయం. బండికి చోటు వెతికేవాళ్లు పట్టుకోవాల్సిన సూత్రం ఇదే: మనుషులు ఎక్కడ నిద్ర చేస్తున్నారో బండి కూడా అక్కడే నిద్ర చేయాలి. ఫోటోలో అందంగా కనిపించే ఏకాంతమైన చోటు, చుట్టూ ఒక్క మనిషి లేని చోటు, రాత్రికి అన్నిటికంటే చెడ్డది.

జొన్నవాడ నెల్లూరుకి దగ్గర్లో, పెన్నా ఒడ్డున, బుచ్చిరెడ్డిపాళెం మండలంలో ఉంది. గొలగమూడి వెంకయ్యస్వామి ఆశ్రమం వెంకటాచలం మండలంలో, హైవే నుంచి పెద్ద దూరం కాదు, శనివారం రాత్రి అక్కడ ఎంతమంది పడుకుంటారో చూస్తే బండి ఒక సమస్యే కాదని అర్థమవుతుంది. ఇలాంటి చోట్ల ఆటోలు, ట్రాక్టర్లు, టెంపో ట్రావెలర్లు ఎలాగూ రాత్రంతా ఆగి ఉంటాయి, వాటి వరసలో మన బండి ఒకటి. దేవస్థానం ఆఫీసులో గానీ పార్కింగ్ టికెట్ కొట్టే కుర్రాడికి గానీ చెప్పి పెట్టుకుంటే చాలు. బండిలో నాన్‌వెజ్ వండకూడదు, మందు తీయకూడదు. ఎవరూ చూడటం లేదు కదా అనుకోవద్దు, వాసన గుడి దాకా పోతుంది. తలుపులు బార్లా తీసి పాటలు పెట్టినా అంతే, వాళ్ల చోటులో వాళ్ల పద్ధతిలోనే ఉండాలి. హుండీలోనో అన్నదానానికో ఒక వంద వేస్తే ఆ రాత్రి అద్దె కట్టినట్టే.

తిథులు, వారాలు చూసుకోవడం కూడా ఇందులో భాగమే. వలేటివారిపాలెం మండలంలోని మాలకొండ లక్ష్మీనరసింహస్వామి దర్శనం శనివారం మాత్రమే. శుక్రవారం సాయంత్రం నుంచే జనం చేరుకుంటారు, కొట్లు తెరుస్తారు, దీపాలుంటాయి, ఆ రాత్రి బండిలో పడుకోవడానికి బాగుంటుంది. అదే మంగళవారం పోతే కొండ, అడవి, మూసిన కొట్లు తప్ప మనిషి దొరకడు. మ్యాప్‌లో రెండు రోజులూ ఒకే చుక్క కనిపిస్తుంది. నెల్లూరులో మొహర్రం సమయంలో స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ జరిగే రోజుల్లో ఇందుకు పూర్తిగా తిరగబడుతుంది, లక్షల మంది వస్తారు, పెద్ద బండి ఊళ్లోకి తీసుకెళ్తే తిప్పడానికి కూడా చోటుండదు. ఆ రోజుల్లో కోవూరు వైపో వెంకటాచలం వైపో ఆగి ఆటోలో పోవడం మంచిది.

గుళ్ల తర్వాత ఎక్కువగా పనికొచ్చేవి హైవే మీద లారీలు ఆగే చోట్లు. సూళ్లూరుపేట, బూదనం, వెంకటాచలం, ముసునూరు, టంగుటూరు, ఇలా టోల్ ప్లాజాలు వరసగా ఉన్నాయి, వాటి చుట్టుపక్కల లైట్లుంటాయి, మరుగుదొడ్లుంటాయి, లారీలు రాత్రంతా ఆగుతాయి. నిద్ర మాత్రం సరిగా పట్టదు. స్పీడ్ బ్రేకర్ మీద ఖాళీ టిప్పర్ ఎగిరినప్పుడల్లా మెలకువ వస్తుంది. అంతకంటే పెద్ద పెట్రోలు బంకులు మేలు. తాగే నీళ్లు, మరుగుదొడ్డి, టైర్లకి గాలి ప్రతి బంకూ ఉచితంగా ఇవ్వాల్సిందే, ఇందులో మొహమాటం అక్కర్లేదు. రాత్రి పార్కింగ్ మాత్రం హక్కు కాదు, అది అడిగి తీసుకునేది. ఆ అడగడంలోనే సగం పని ఉంది.

ముందు డీజిల్ కొట్టించుకోవాలి, కనీసం ఐదు వందలకో వెయ్యికో. కొట్టే కుర్రాణ్ని కాకుండా లోపల కుర్చీలో క్యాష్ చూసుకునే మనిషిని అడగాలి, ఎందుకంటే రాత్రి ఏదైనా జరిగితే ఓనరుకి జవాబు చెప్పేది ఆయనే. "అన్నా, ఫ్యామిలీతో వస్తున్నాం, ఒంగోలు దాకా పోవాల, కళ్లు మూతలు పడతన్నాయి. ఈ రాత్రికి బండి ఓ పక్కన పెట్టుకుంటాం, పొద్దున ఆరింటికల్లా ఎళ్లిపోతాం." ఇందులో ఆయనకి కావాల్సినవి అన్నీ ఉన్నాయి: ఎవరు, ఎందుకు, ఎప్పుడు పోతారు. క్యాంపింగ్, కారవాన్ అని మొదలుపెడితే ఆయనకి అర్థం కాదు, అర్థం కానిదానికి ఎవరైనా వద్దనే అంటారు. చాలాసార్లు వచ్చే జవాబు "పెట్టుకోండన్నా, ట్యాంకర్ వస్తది, ఆ మూతల కాడ మాత్రం వద్దు" అనే. ఆ మూతలు భూమిలో ఉన్న పెట్రోలు ట్యాంకులవి, తెల్లవారుజామున లోడు దించడానికి ట్యాంకర్ అక్కడికే వస్తుంది. గాలి మిషన్ ముందు, కాటా దారిలో, గోడకీ లారీకీ మధ్య సందులో కూడా పెట్టొద్దు. క్లీనరు నిద్రమత్తులో ఉండి డ్రైవరు ఒక్కడే రివర్స్ తీసుకుంటే మన బండి అద్దాల్లో కనబడదు. రొయ్యలు తోలే ఏసీ లారీ పక్కన పెడితే దాని కంప్రెసర్ రాత్రంతా మోగుతూనే ఉంటుంది. బంకు ఆవరణలో స్టవ్వు వెలిగించకూడదు, టీకి కూడా. తిండి పక్కన డాబాలో తినేసి వచ్చి పడుకోవడమే.

డాబాలదీ ఇదే లెక్క, భోజనం చేస్తే ఆవరణ మనది. నాలుగు లారీలు ముందే ఆగి ఉన్న డాబా చూసుకోవాలి. లారీ డ్రైవర్లు ఆగే చోట డీజిల్ దొంగల భయం తక్కువ, ఆ ఎంపిక వాళ్లు ఏళ్ల తరబడి దెబ్బలు తిని చేసుకున్నది.

హైవే అంచు మీద, సర్వీసు రోడ్డు మీద మాత్రం ఎట్టి పరిస్థితుల్లో పడుకోవద్దు. ఇతరులకి ప్రమాదమయ్యేలా బండి ఆపడం మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ కింద నేరం. బహిరంగ స్థలంలో పది గంటలు, అంతకు మించి వదిలేసిన బండిని లాక్కెళ్లి తీయించే అధికారం 127వ సెక్షన్ ఇస్తుంది. చట్టం సంగతి అలా ఉంచితే, తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య నిద్ర ఆపుకుంటూ వచ్చే డ్రైవరు అంచున ఆగి ఉన్న బండిని గుద్దడం ఈ రోడ్డు మీద మామూలుగా వినే వార్త. బండి చెడిపోయి తప్పక ఆగాల్సి వస్తే 1033కి ఫోన్ చేయాలి, జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ అది.

కొంచెం ఖర్చు పెట్టగలిగితే ఈ ప్రాంతంలో ఎవరూ పట్టించుకోని గొప్ప చోటు కల్యాణ మండపం. కావలి, సింగరాయకొండ, ఒంగోలు, ఏ ఊరి పొలిమేరలో చూసినా ఒకటి రెండు ఉంటాయి. ప్రహరీ, గేటు, సిమెంటు నేల, బోరు నీళ్లు, వరసగా బాత్‌రూములు, వాచ్‌మన్. కారవాన్ పార్కులో ఏముంటాయో అవన్నీ ఉన్నాయి, పేరు ఒక్కటే వేరు. ఆషాఢంలో, మూఢంలో ముహూర్తాలుండవు, నెలల తరబడి ఖాళీ. ఓనరుకి ఫోన్ చేయించి రెండు మూడు వందలు ఇస్తామంటే కాదనే వాళ్లు తక్కువ, ప్లగ్గు వాడుకుంటే కరెంటుకి ఇంకో యాభై. ముహూర్తాల రోజుల్లో అడగొద్దు, అడిగినా దొరకదు. ఇంత మంచి ఏర్పాటు కళ్ల ముందు పెట్టుకుని జనం యాప్‌లలో చుక్కలు వెతుక్కోవడం చూస్తే బాధేస్తుంది.

ఇంకోటి నిమ్మ తోటలు. గూడూరు, పొదలకూరు, రాపూరు చుట్టూ ఊరూరా నిమ్మే. తోటలో మోటారు షెడ్డు ముందు, వేప చెట్టు కింద, పగటి పూట వెళ్లి రైతుని అడిగితే ఒక రాత్రికి వద్దనడం అరుదు, డబ్బులిస్తే చాలామంది తీసుకోరు కూడా. ఓ బస్తా కాయలు కొనుక్కుంటే ఇద్దరికీ మర్యాదగా ఉంటుంది. చెట్ల మధ్యకి మాత్రం బండి తోలకూడదు, నిమ్మ ముల్లు పెయింటుని గీరేస్తుంది, డ్రిప్పు పైపులు టైరు కింద నలుగుతాయి, ఆ నష్టం రైతుది. చీకటి పడ్డాక వెళ్లి అడగడం అసలే వద్దు. పొలం గట్ల మీద రాత్రిపూట కట్లపాము తిరుగుతుంది, చెప్పులు, టార్చి లేకుండా దిగకూడదు, కాటు పడితే 108 తప్ప ఇంకో వైద్యం లేదు.

సముద్రం దగ్గరికొద్దాం, ఎందుకంటే బండి తీసుకున్న ప్రతివాళ్లూ ముందు కలగనేది అలల ముందు తలుపు తెరవడమే. నెల్లూరు వైపు మైపాడు, కొత్తకోడూరు, ఆపైన రామాయపట్నం, ఒంగోలు వైపు పాకల, కొత్తపట్నం. పగలు అన్నీ బాగుంటాయి. పాకల దగ్గర 2025 జనవరిలో స్నానానికి దిగినవాళ్లు అలలకి కొట్టుకుపోయి చనిపోయారు, అలాంటి తీరంలో చీకటి పడ్డాక బయటివాళ్లుంటే మెరైన్ పోలీసులు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. ఇసుకదీ ఒక చిక్కే. పైన పొడిగా, గట్టిగా కనిపించే ఇసుకలో రెండు టన్నులు దాటిన బండి వెనక చక్రం ఒక్కసారి తిరిగితే జానెడు దిగుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే మూర దిగుతుంది, ఇంక ట్రాక్టర్ వచ్చేదాకా అంతే. అమావాస్యకీ పున్నమికీ పోటు ఎక్కువ, సాయంత్రం నీళ్లు ఎక్కడున్నాయో చూసి పెట్టిన బండి కిందికి అర్ధరాత్రి అల వస్తుంది. అందుకని తారు రోడ్డు ఆగిపోయే చోటు దాటకూడదు. మైపాడులో టూరిజం రిసార్ట్ ఉంది, అక్కడ భోజనం చేసి పార్కింగ్ అడగడం ఒక దారి. జాలర్ల పాలెంలో పెద్దవాళ్లని అడిగి రామమందిరం దగ్గరో స్కూలు గోడ పక్కనో పెట్టుకోవడం ఇంకో దారి, ఇదే మంచిది కూడా, తెల్లారి పడవలు వచ్చే వేళకి చేపలు అక్కడే కొనుక్కోవచ్చు. వలలు, తాళ్లు ఉన్న చోట చక్రం పెట్టకూడదు.

తీరానికీ హైవేకీ మధ్య ఉన్నవి రొయ్యల గుంటలు. శాటిలైట్ మ్యాప్‌లో వాటి గట్లు చక్కటి రోడ్లలా కనిపిస్తాయి, కానీ అవి తవ్విన మట్టి పోసి కట్టినవి, బరువైన బండికి అంచు విరుగుతుంది. రాత్రంతా ఏరేటర్లు నీళ్లు చిమ్ముతూ మోగుతుంటాయి. అక్కడి కాపలావాళ్లకి కొత్త బండి అంటే దొంగల బండే. ఒంగోలు చుట్టూ నల్లరేగడి ఇంకో రకం మోసం, ఎండలో రాయిలా ఉంటుంది, ఒక్క వాన పడితే టైరుకి చుట్టుకుని చక్రం మడ్‌గార్డుకి పట్టేసేదాకా వదలదు. వాన సూచన ఉంటే తారు, సిమెంటు, కంకర, వీటి మీద తప్ప రాత్రి ఆగొద్దు. నెల్లూరులో రైల్వే అండర్ బ్రిడ్జిల్లో గంట వానకే నీళ్లు నిలుస్తాయి, ఎత్తు బండ్లకి అవి మామూలు రోజుల్లో కూడా అనుమానమే.

పడమర మార్కాపురం, కంభం వైపు కథ మారుతుంది. ఊళ్లు దూరం దూరం, చల్లటి గాలి, కంభం చెరువు లాంటి చోట్లు. విజయనగర కాలంలో గుండ్లకమ్మ మీద కట్టిన ఆ చెరువుకి 2020లో అంతర్జాతీయ సాగునీటి వారసత్వ గుర్తింపు వచ్చింది. సాయంత్రం కట్ట మీద కూర్చోవడానికి దాన్ని మించింది లేదు, పడుకోవడానికి మాత్రం బండిని కంభం ఊళ్లోకి తీసుకురావాలి. దోర్నాల దాటి శ్రీశైలం వైపు పోవాలంటే రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు వేసేస్తారు, అది పులుల అభయారణ్యం. తొమ్మిదిన్నరకి వచ్చినవాళ్లు తిట్టుకుంటూ గేటు ముందు ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని కూర్చుంటారు గానీ, ముందే తెలిస్తే అదే ఈ ప్రాంతంలో భద్రమైన రాత్రి: చెక్‌పోస్టు, టీ కొట్లు, వరసగా ఆగిన బస్సులు, కార్లు, పొద్దున ఆరింటికి అడవిలోకి మొదటి బండి మనదే. అడవి లోపల అనుమతి లేకుండా ఆగి పడుకోవడం 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు, రాపూరు పక్కన పెనుశిల అభయారణ్యంలో కూడా అంతే. పెంచలకోన వెళ్తే గుడి దగ్గరే ఉండాలి.

నీళ్ల సంగతి ఈ వైపు ముఖ్యం. కనిగిరి, పొదిలి, మార్కాపురం ప్రాంతాల్లో భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువ, బోరు నీళ్లు కడుక్కోవడానికే. తాగడానికి ప్రతి ఊళ్లో నీళ్ల ప్లాంటు ఉంటుంది, ఇరవై లీటర్ల క్యాను పది ఇరవై రూపాయలు, నలుగురికి రెండు క్యాన్లు ఒక రోజుకి సరిపోతాయి.

కరెంటు లెక్క చాలామంది తప్పు వేస్తారు. వంద ఆంపియర్ అవర్ల పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఉండేది 1,200 వాట్ అవర్లు. టన్ను ఏసీ వేస్తే గంటకే అయిపోతుంది. ముప్పై వాట్ల ఫ్యాను మాత్రం ఎనిమిది గంటలు తిరిగినా 240 దాటదు. అంటే బయట ప్లగ్గు లేకుండా బతకాలంటే ఫ్యానుతో నిద్రపట్టే నెలల్లోనే రావాలి. మే నెలలో నెల్లూరు, ఒంగోలుల్లో 44 డిగ్రీలు దాటిన రోజులున్నాయి, రోహిణి కార్తెలో రేకు బండి లోపల అర్ధరాత్రి కూడా పొయ్యి మీద ఉన్నట్టే ఉంటుంది. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ఆ రోజుల్లో లాడ్జిలో ఏసీ గది తీసుకోవడమే, ఖర్చు చూసుకోకూడదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుఫాన్లు. 2021 నవంబరులో పెన్నా వరదకి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే కూడా తెగింది. ఎండిన పెన్నా ఇసుక ఎంత విశాలంగా కనిపించినా అందులో రాత్రి ఉండొద్దు, పైన సోమశిల డ్యామ్ గేట్లు ఎత్తారన్న కబురు పడుకున్నవాడికి చేరదు. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా, ఆ నెల నుంచి రెండు నెలలు, ఈ రెండు జిల్లాల్లో బండి తిప్పడానికి అసలైన కాలం.

ఇక ఎవరూ మాట్లాడని విషయం, బండిలో మరుగుదొడ్డి ట్యాంకు. మన హైవేల మీద దాన్ని ఖాళీ చేయడానికి ప్రత్యేకంగా కట్టిన చోటు కనిపించదు. అలాగని కాలవలోనో తోట వెనకో వదలడం పాపం, ఆ కాలవ నీళ్లు కింద ఊళ్లో గేదెలు తాగుతాయి. తీసి మోసుకెళ్లగలిగే డబ్బా రకం ట్యాంకు పెట్టించుకుని, సెప్టిక్ ట్యాంకు ఉన్న సులభ్ కాంప్లెక్సులో గానీ కల్యాణ మండపంలో గానీ చెప్పి, అక్కడ ఊడ్చే మనిషికి ఓ యాభై ఇచ్చి, మనమే ఖాళీ చేసి, మనమే బకెట్టు నీళ్లు కొట్టి కడిగి రావాలి. అందులో కెమికల్ పోసి ఉంటే ఆ మాట కూడా చెప్పాలి. బండి కదిలించే ముందు చుట్టూ ఒకసారి తిరిగి, మనం తిన్న ప్యాకెట్లే కాకుండా ముందువాళ్లు పారేసినవి కూడా ఏరి సంచిలో వేసుకోవాలి. క్యాష్ దగ్గర కూర్చున్న మనిషి అద్దంలోంచి ఇదంతా చూస్తూనే ఉంటాడు, వచ్చే వారం ఇంకో ఫ్యామిలీ వచ్చి "అన్నా, ఈ రాత్రికి" అని అడిగినప్పుడు ఆయన ఏమంటాడన్నది అక్కడే తేలిపోతుంది.